పిన్ని ఎవరి మనిషి

మా పిన్ని పోయి ఇంకా నెల తిరగలేదు. ఒక మంగళవారం పొద్దున్న, రాయగడ మార్కెట్లో తన దుకాణంలోనే, పప్పు బస్తా మీద కూర్చుని టీ తాగుతూ, "గుండెల్లో ఏటో మంటగా ఉంది" అని గ్లాసు కింద పెట్టి, అలాగే పక్కకి ఒరిగిపోయింది. నేను అప్పుడు స్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్తున్నాను. బాబాయి నాకు ఎప్పుడూ ఫోను చెయ్యడు. ఆయన పేరు తెర మీద చూడగానే చాక్‌పీసు బల్ల మీద పెట్టి వరండాలోకి వచ్చేను. "అమ్మీ, మీ పిన్ని పోయింది" అన్నాడు. ఫోను పెట్టేసేడు.

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఎందుకో చెప్తే మీరు నవ్వుతారు. ఆ ఆదివారం కాశీపూర్లో మా పార్టీ సర్వసభ్య సమావేశం ఉంది. దానికోసం పిన్ని ఏడాది పొడుగునా ఎదురు చూసింది. ఎవరి కోసమూ ఒక్క నిమిషం ఆగని మనిషి, అయినా ఈ ఒక్క ఆదివారం దాకా ఆగొచ్చు కదా అని వీధిలో ఆటో ఎక్కుతూ ఆవిణ్ణి తిట్టుకున్నాను. ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

మీలో చాలామంది ఆవిణ్ణి చూసి ఉండరు. పొట్టిగా, బొద్దుగా ఉండేది. గొంతు మాత్రం మార్కెట్టు ఆ చివరికి వినబడేది. మా వాళ్ళు తాతల నాడు పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉల్లి, పప్పు, నూనె హోల్‌సేలు పెట్టుకున్నారు. పిన్ని ఒడియా మాట్లాడితే చివర తెలుగు తోక ఉండేది, తెలుగు మాట్లాడితే మధ్యలో, కొండ వాళ్ళూ వర్తకులూ సంతల్లో మాట్లాడుకునే సంత భాష దూరేది. యాభై దాటేవరకు ఆవిడ రాజకీయమంటే ఎన్నికల నాడు దుకాణం మూసుకోవాలా వద్దా అన్నదొక్కటే.

మా పార్టీ పేరు చెప్పను. చెబితే ఎన్ని సీట్లు అని అడుగుతారు. సీట్లు లేవు. రెండు పంచాయితీల్లో నలుగురు వార్డు మెంబర్లున్నారు, కాశీపూర్లో ఒక రేకుల షెడ్డు ఉంది, అరువు మీద నడిచే జీపొకటి ఉంది. కొండ ఊళ్ళ వాళ్ళు కొందరూ, పట్నం కుర్రాళ్ళు కొందరూ కలిసి పెట్టుకున్నది. ఓట్లప్పుడు వచ్చి ఓట్లయ్యేక మాయమయ్యే మనుషులతో విసిగిపోయి పెట్టుకున్నది కాబట్టి దానికి రెండు కట్టుబాట్లున్నాయి. ఆదివారం ఆదివారం ఏదో ఒక ఊరికి వెళ్ళి పని చెయ్యాలి, పనికి జెండా తేకూడదు. రెండోది, సభ్యత్వం డబ్బు కడితే రాదు. ఏడాదికోసారి సమావేశంలో నువ్వు లేచి ముందు నిలబడాలి. కార్యదర్శి అందరినీ అడుగుతాడు, "ఈ మనిషి ఎవరి మనిషి?" అని. నువ్వు పని చేసిన ఊరు ఏదైనా లేచి "మా మనిషి" అంటేనే సభ్యత్వం. ఎవరూ లేవకపోతే వెళ్ళి కూర్చోవాలి. మళ్ళీ ఏడాది చూసుకోవచ్చు.

పిన్ని ఇందులోకి ఎలా వచ్చిందంటే, గంగాళం వల్ల. మా ఇంట్లో పెళ్ళిళ్ళకి వాడే ఇత్తడి గంగాళం ఒకటుంది. ఒక శనివారం పార్టీ కార్యదర్శి దుకాణానికొచ్చి, రేపు ఒక ఊళ్ళో ఊట బాగుచేసే పని ఉంది, వందమందికి వంట, ఆ గంగాళం ఒక్కరోజు ఇస్తారా అని అడిగేడు. ఆయన ఒకప్పుడు డొరగుడ వైపు లారీ తోలేడు, మాటలు తక్కువ. నేను అక్కడే కూర్చుని సెలవు పూట పాఠం రాసుకుంటున్నాను. పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసి, "గంగాళం ఒక్కటీ రాదు బాబూ. దాన్ని మాడ్చీసి ఇచ్చీస్తారు మీరు. దాంతో నానూ వస్తాను" అంది. బాబాయి నూనె డబ్బాల మీద నుంచి తలెత్తి, "ఎక్కడికి?" అన్నాడు. "వంటకి" అంది. "మన ఇంట్లో వంటెవరు సేస్తారు?" "ఒక్కపూట ఇడ్లీ తెచ్చుకోండి, సచ్చిపోరు." తర్వాత నా వైపు తిరిగి, "ఏటమ్మీ అలాగ సూస్తావు, నువ్వూ రా, ఉల్లిపాయలు కోద్దువుగాని" అంది. అలా నేను కూడా పార్టీలో పడ్డాను. చాలామందికి పెద్ద పెద్ద సిద్ధాంతాలు చదివి ఒంట్లో నిప్పు పుడుతుంది. నాకు ఉల్లిపాయలు కోస్తే పుట్టింది.

ఆ మొదటి ఆదివారం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. తెల్లవారకుండానే జీపులో గంగాళం, దాని లోపల బియ్యం బస్తా, బస్తా మీద పిన్ని. కాశీపూర్ దాటేక రోడ్డు సన్నబడిపోయి, ఎదర కొండలు ఒకదాని వెనక ఒకటి తేలుతున్నాయి. ఈ దారినే నూనె లారీలు వెళ్తాయని పిన్నికి తెలుసు గాని తను అంతవరకు ఎప్పుడూ రాలేదు. "ఇన్నాళ్ళూ నన్నెవరూ పిలవలేదేటమ్మీ?" అంటూనే ఉంది దారి పొడుగునా. జీపు ఆగిన చోట నుంచి గంట నడక. గంగాళం ఇద్దరు మోస్తుంటే వెనక నుంచి "ఒంచకండి, ఒంచకండి, సొట్ట పడుద్ది" అని ఆవిడ అరుపులు. ఊరి పిల్లలు ఆ అరుపులు విని ముందుకు పరిగెత్తుకొచ్చేరు.

అక్కడే తప్పు జరిగింది. అది మా వాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు. ఉగాది వెళ్ళిన ఆదివారమది. పిన్నికి వంట అంటే ఘనంగా ఉండాలి. ఇంట్లో మామిడికాయలు ఉన్నాయి కదా అని పెద్ద డేకిసాడు మామిడికాయ పులిహోర ముందురోజే కలిపి తెచ్చింది, వచ్చిన వాళ్ళకి ముందు తలా ఒక పిడికెడు పెడదామని. మూత తీసింది. వాసన గుప్పుమంది. ఊరి ఆడవాళ్ళు వెనక్కి జరిగిపోయేరు. పారలు పట్టుకున్న మగవాళ్ళు పారలు కింద పెట్టేసేరు. పిన్ని గరిటె ఎత్తుకుని, "రండి, రండి" అంటోంది. ఒక్కరూ రారు.

చివరికి ఊరి పెద్దావిడ ముందుకొచ్చింది. ఎండిన కొమ్మలా ఉంటుంది, కాని ఆవిడ మాట ఊళ్ళో ఎవరూ జవదాటరు. చైత్ర పర్వంలో కొత్త మామిడికాయ భూమితల్లికి ఇచ్చేక గాని తాము ముట్టుకోమని, ఈ ఏడు ఇంకా ఇవ్వలేదని, ఈ కాయ ఊళ్ళోకి వచ్చింది గనక ఇవాళ ఊట ముట్టుకోవడం మంచిది కాదని చెప్పింది. అరవలేదు, తిట్టలేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టే చెప్పింది. కార్యదర్శి ముఖం చిన్నబోయింది. ఆయనకి తెలిసిన సంగతే, కాని తెలుగింటి వంటలో ఏముంటుందో చూసుకోలేదు.

నేనైతే ఏదో ఒకటి సర్దిచెప్పి పని మొదలుపెట్టించేదాన్ని. పిన్ని అలా కాదు. డేకిసా మూత పెట్టేసి, కొంగు నడుముకు బిగించి, పెద్దావిడ దగ్గరికెళ్ళి, "నాకు తెలీదమ్మా. ఇప్పుడు నన్నేటి సెయ్యమంటారు?" అంది. డేకిసా ఊరవతలకి పంపెయ్యమంది ఆవిడ. పిన్ని దాన్ని తనే ఒక పక్క పట్టుకుని, నన్నొక పక్క పట్టమని, గంట దూరం జీపు దాకా దింపించింది. నా చేతులు పడిపోయేయి. మళ్ళీ పైకెక్కి, చేతులు కాళ్ళు కడుక్కుని, "ఊట ముట్టుకోకూడదు, సరే, ముట్టుకోకూడనిది కాక ఏటి పని ఉంది?" అని అడిగింది. ఊరి బాటలో కొట్టుకుపోయిన రాళ్ళు పేర్చే పనుంది. సాయంత్రం దాకా ఆవిడ రాళ్ళు మోసింది. మధ్యాహ్నం వాళ్ళు తాగిన చోడిపిండి అంబలే తనూ తాగింది. గంగాళం బోర్లించి ఉంది, దాని మీద మేకపిల్ల ఎక్కి పడుకుంది.

తిరిగొస్తూ జీపులో నాతో అంది. "అమ్మీ, మనం ఎక్కడికెళ్ళినా ఏటి తేవాలి అని అడుగుతాం. అది కాదు. ఏటి తేకూడదు అని అడగాలి ముందు." ఆ రోజు నుంచి ఏ ఊరికి పనికి వెళ్ళినా ముందుగా ఒకరు ఉత్తచేతులతో వెళ్ళి ఆ మాట అడిగి రావాలి. పార్టీలో అది మూడో కట్టుబాటయిపోయింది. కొండ ఊళ్ళలో మంచి పేరొచ్చింది ఆ ఒక్క ప్రశ్న వల్లే అని కార్యదర్శి అంటాడు.

పర్వం అయ్యేక మళ్ళీ వెళ్ళేం. ఈసారి ఊట. ఊరికి పైన కొండ పక్క రాళ్ళలోంచి సన్నగా కారే నీళ్ళు. ఆడవాళ్ళు ఎండాకాలమంతా కింద వాగు దాకా దిగి మోసుకొచ్చేవారు. ఊట చుట్టూ రాళ్ళు కట్టి, చిన్న తొట్టి చేసి, ఇసక, గులకరాళ్ళు వేసి, అక్కణ్ణుంచి ఊరి మధ్యకి పైపు వెయ్యాలి. మోటారు అక్కర్లేదు, పల్లానికి నీళ్ళు వాటంతటవే వస్తాయి. ఎన్నో ఆదివారాలు పట్టింది. నేను స్కూల్లో సోమవారాలు చేతులు బొబ్బలెక్కి బోర్డు మీద సరిగ్గా రాయలేకపోయేదాన్ని. హెడ్మిస్ట్రెస్ ఏమైందంటే కూరగాయలు తరిగేనని చెప్పేదాన్ని. లోపల మాత్రం గంతులేస్తూ ఉండేదాన్ని. ఆరు రోజులూ ఎప్పుడు అయిపోతాయా, ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసుకునేదాన్ని. పెళ్ళిచూపులకి ముందు కూడా నేనంత తొందరపడలేదు.

నీళ్ళు వదిలిన రోజు చెప్పాలి మీకు. పైన తొట్టి దగ్గర కార్యదర్శి, కింద కుళాయి దగ్గర మేమందరం. పైనుంచి "వదిలేం" అని కేక వచ్చింది. కుళాయి తిప్పేరు. ఏమీ లేదు. కాసేపు చూసేం. ఏమీ లేదు. ఊరంతా ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉంది. పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని కుళాయికి చెవి ఆనించింది. "ఊఁ... ఏదో గుడగుడమంటాది" అంది. పైపులో గాలి బుస్సుమని కొట్టింది. ఇంకోసారి కొట్టింది. తర్వాత ఎర్రటి బురద నీళ్ళు ఉమ్మినట్టు ఉమ్మి, ఆగి, మళ్ళీ ఉమ్మి, ఒక్కసారిగా ధార కట్టేయి. పిన్ని మొహం నిండా బురద. లేవలేదు. అలాగే కూర్చుని, తలమీద నుంచి నీళ్ళు కారుతుంటే నవ్వుతోంది. పిల్లలు ఆవిడ మీద పడ్డారు. ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గొలుసు కట్టి అక్కడికక్కడే ఆట మొదలుపెట్టేరు. నన్ను కూడా లాగేరు. నాకు అడుగులు రావు, ఎవరి కాలో తొక్కేను, ఎవరూ పట్టించుకోలేదు. అంత సంతోషం నా జీవితంలో ఇంకెప్పుడూ కలగలేదు.

కాని ఆ సంబరంలో కూడా వాళ్ళు "షావుకారమ్మ తడిసిపోయింది, షావుకారమ్మ తడిసిపోయింది" అనే అరిచేరు. అది నాకు వినబడింది. పిన్నికీ వినబడింది.

నిరుడు సమావేశంలో పిన్ని లేచి ముందు నిలబడింది. కొత్త నేత చీర కట్టుకుంది. కార్యదర్శి అడిగేడు, "ఈ మనిషి ఎవరి మనిషి?" షెడ్డు నిండా జనం. నేను ఆ ఊరి వాళ్ళ వైపు చూసేను. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దావిడ తల దించుకుని వేళ్ళు చూసుకుంటోంది. ఎవరూ లేవలేదు. కార్యదర్శి మళ్ళీ అడిగేడు, అది కట్టుబాటు. ఎవరూ లేవలేదు. పిన్ని రెండు చేతులూ జోడించి నవ్వి, వెళ్ళి వెనక వంట దగ్గర కూర్చుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. భోజనాల దగ్గర పెద్దావిణ్ణి పట్టుకుని అడిగేసేను, నా సంత భాషలో, తప్పులతోనే. నీళ్ళు తెచ్చింది ఎవరు, రాళ్ళు మోసింది ఎవరు అని. ఆవిడ కోప్పడలేదు. "మీ పిన్ని మంచిది. మాకు ఇష్టం. కాని సాయంత్రమయ్యేసరికి దుకాణానికి వెళ్ళిపోతుంది. దుకాణం మా మనిషి కాదు కదా" అంది.

తిరుగు బస్సులో పిన్ని మొదటిసారి మాట్లాడకుండా కూర్చుంది. నేనే ఆపుకోలేక, "ఇంక మానేద్దాం పిన్నీ, ఎంత చేసినా ఇంతే" అన్నాను. కిటికీలోంచి చూస్తూనే అంది, "ఏటి మానీడం? ఆవిడ అబద్ధమేటైనా సెప్పిందేటి? సాయంత్రమైతే నాను దుకాణానికెళ్ళిపోతాను గదా." నా వైపు తిరిగి, "దుకాణాన్నే అక్కడికి తీసుకెళ్తే ఎలాగుంటాది?" అంది. నాకు అర్థం కాలేదు. ఆ మాట కళ్ళు తుడుచుకుంటూనే అంది.

తర్వాతి నెలలో కాశీపూర్ సంతలో పార్టీ బల్ల వెలిసింది. రేకు బల్ల, దాని మీద కరెంటు తూకం, దాని వెనక ప్లాస్టిక్ కుర్చీలో మా పిన్ని. ఎవరైనా తమ చింతపండు, అల్లం, పసుపు ముందు అక్కడ ఊరికే తూయించుకుని, తర్వాత వర్తకుల దగ్గరికి వెళ్ళొచ్చు. "ముందిక్కడ తూయించుకో. తర్వాత ఎక్కడైనా అమ్ముకో" అని ఆవిడ గొంతు సంత మొత్తానికి వినబడేది. ఇరవై ఏళ్ళు దుకాణంలో కూర్చున్న మనిషి, తక్కెడ ఎక్కడ తేలుతుందో, బొటనవేలు ఎక్కడ ఆనుతుందో ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. దూరం నుంచే, "ఓ బాబూ, వేలు తియ్యి, వేలు బరువుగా ఉంది" అనేది. జనం పకపకా నవ్వేవారు. నేను ఎదురుగా కూర్చుని తూకం చదువుతూ, ఇంత మజా బడిలో ఎందుకుండదా అనుకునేదాన్ని.

వర్తకులకి మాత్రం మజా అనిపించలేదు. వాళ్ళు సగం మంది మాకు చుట్టాలే. బాబాయి దగ్గరికొచ్చి, మీ ఆవిణ్ణి అదుపులో పెట్టుకో అని చెప్పేరు. ఇద్దరు మా దగ్గర నూనె కొనడం మానేసేరు. ఆ రోజు ఇంట్లో బాబాయి గొంతు పెరగడం మొదటిసారి విన్నాను.

"నువ్వక్కడ కూర్చుంటే నానిక్కడెలా కూర్చోను?"

"మన తూకం సరైందే గదా?"

"సరైందే."

"మరెందుకు భయం?"

బాబాయి చొక్కా తొడుక్కుని బయటికెళ్ళిపోయేడు. తర్వాతి సంత రోజు పొద్దున్న చూస్తే జీపులో కొత్త టార్పాలిన్ ఒకటి మడతపెట్టి ఉంది. "ఎండకి మాడిపోతాది మీ పిన్ని. కట్టుకోమను" అన్నాడు నాతో, ఆవిడ పక్కనే ఉంది.

అలా ఏడాది గడిచింది. సంత రోజు పిన్ని రాకపోతే ఆడవాళ్ళు తమ బుట్టలు దించకుండా నిలబడి అడిగేవారు. ఇంకా షావుకారమ్మ అనేవారో, ఏమనేవారో, నేను గమనించడం మానేసేను. పిన్ని మాత్రం గమనిస్తూనే ఉండేది. ఈ ఏడు సమావేశం దగ్గర పడుతుంటే, "అమ్మీ, మళ్ళీ నిలబడతాను. ఈసారైనా ఎవరైనా లేస్తారంటావా?" అని అడిగేది. "లెగకపోతే ఏటి, పై ఏడు మళ్ళీ నిలబడతాను" అని తనే జవాబు చెప్పుకునేది. పరీక్ష ఫలితాల ముందు మా పిల్లల మొహాల్లో ఉండే ఆత్రమే ఆవిడ మొహంలో.

మంగళవారం పోయింది. అదే సాయంత్రం నాగావళి ఒడ్డున దహనం అయిపోయింది. వర్తకులందరూ వచ్చేరు, నూనె మానేసిన వాళ్ళు కూడా వచ్చేరు. కార్యదర్శి ఒక్కడే పార్టీ నుంచి. కొండ మీద ఊళ్ళకి సిగ్నలు ఉండదు, కబురు పంపాలని ఎవరికీ తోచలేదు. అన్నీ అంత తొందరగా జరిగిపోయేయి.

ఆదివారం నేను సమావేశానికి వెళ్ళేను. ఇంట్లో ఉండలేకపోయేను. షెడ్డులో ముందు వరసలోనే ఆ ఊరి వాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇంతకు ముందెన్నడూ అంతమంది రాలేదు. ఆడవాళ్ళందరూ తలలకి నూనె రాసుకుని, కొత్త చీరలు కట్టుకుని వచ్చేరు. పెద్దావిడ నన్ను చూడగానే, "మీ పిన్ని ఎక్కడ? వంట దగ్గరుందా?" అంది.

చెప్పేను. ఎలా చెప్పేనో తెలీదు.

సమావేశం మొదలైంది. కార్యదర్శి, మన బల్ల దగ్గర కూర్చున్న అమ్మ లేదు కాబట్టి ఒక నిమిషం అందరం లేచి నిలబడదాం అన్నాడు. నిలబడ్డాం. కూర్చున్నాం. పెద్దావిడ మాత్రం కూర్చోలేదు.

"ఆ మనిషి సంగతి అడుగు" అంది.

"ఆవిడ లేదు కదా" అన్నాడు కార్యదర్శి.

"అడగమన్నాను."

కార్యదర్శి ముందున్న ఖాళీ జాగా వైపు చూసేడు. నిరుడు పిన్ని నిలబడ్డ జాగా. అటు చూస్తూనే అడిగేడు. "ఈ మనిషి ఎవరి మనిషి?"

ఆ ఊరు ఊరంతా లేచింది. "ఆమర్ లోక్" అన్నారు. మా మనిషి అని. ఆడవాళ్ళు, మగవాళ్ళు, చంటిపిల్లలు చంకలో ఉన్నవాళ్ళు, అందరూ ఒకే గొంతుతో అన్నారు. నేను ఏడుస్తూ నవ్వుతూ, పక్కావిడ భుజం గట్టిగా పట్టేసుకున్నాను. గెలిచింది, మా పిన్ని గెలిచింది అని అరవాలనిపించింది. అరిచేను కూడా, తెలుగులో, ఎవరికీ అర్థం కాలేదు.

పెద్దావిడ అప్పుడు నా వైపు తిరిగింది. ఇంతకాలంలో ఆవిడ కోపం నేను చూడలేదు. "మా మనిషిని మాకు చెప్పకుండా ఎలా కాల్చేరు?" అంది. "ఎవరి కట్టెలతో కాల్చేరు?"

"డిపోలో కొన్నాం" అన్నాను.

"కొన్నారా?" అంది. వెనక ఆడవాళ్ళతో ఆ మాట మళ్ళీ చెప్పింది. వాళ్ళు నోటి మీద చెయ్యి వేసుకున్నారు. వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే ప్రతి ఇల్లూ ఒక కట్టె తెస్తుందని, ఎవరూ కొనరని, అది తెలీక మేము వాళ్ళ మనిషిని అంగడి కట్టెలతో పంపించేసేమని నాకు అప్పుడు తెలిసింది. వాళ్ళు భోజనం కూడా చెయ్యకుండా లేచి వెళ్ళిపోయేరు.

మర్నాడు పొద్దున్న నేను దుకాణం దగ్గరే ఉన్నాను. షట్టరు సగం దించి ఉంది. బాబాయి గట్టు మీద కాళ్ళకి చెప్పుల్లేకుండా, గెడ్డం మాసి, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. కాశీపూర్ మొదటి బస్సు వచ్చిన వేళ. బస్టాండు వైపు నుంచి ఆడవాళ్ళు వరసగా వస్తున్నారు, నెత్తిన తలా ఒక కట్టె. అందరికన్నా ముందు పెద్దావిడ. మా మార్కెట్లో అది రోజూ కనిపించేదే, కొండ ఆడవాళ్ళు కట్టెలు అమ్ముకోవడానికి దిగుతారు. వాళ్ళు వచ్చి సరిగ్గా మా గట్టు ముందు ఆగేరు. బాబాయి వాళ్ళని చూసి, అలవాటు కొద్దీ, "ఎంత?" అన్నాడు.

పెద్దావిడ నా వైపు చూసింది. నేను బాబాయి పక్కన కూర్చుని చెప్పేను. "అమ్మకానికి కాదు బాబాయ్. పిన్నికి. ఇంటికో కట్టె తెచ్చేరు. ఎక్కడ కాల్చేరో చూపించమంటున్నారు."

బాబాయి ఆ కట్టెల వైపు చూసేడు. కొన్ని కొత్తగా కొట్టినవి, తడిగా ఉన్నాయి. ఒకదానికి ఇంకా ఆకు అంటుకుని ఉంది. తర్వాత లేచేడు. షట్టరు వెయ్యలేదు, తాళం అడగలేదు. వాళ్ళ ముందు నడవడం మొదలుపెట్టేడు.

మార్కెట్టు మధ్యలోంచే దారి. మా పక్క వీధి వర్తకుడు, ఒకప్పుడు నూనె మానేసినాయన, దుకాణంలోంచి తొంగిచూసి, "ఏటి షావుకారూ, మోపు మొత్తం నువ్వే కొనీసేవా? ఏ రేటు పడింది?" అన్నాడు.

"కొనలేదు" అన్నాడు బాబాయి. "మా వాళ్ళు తెచ్చేరు."

ఆగలేదు. ఆయన వెనక పెద్దావిడ, ఆవిడ వెనక ఆ ఊరి ప్రతి ఇంటి కట్టె, ఉల్లిపాయల బస్తాల మధ్యనుంచి నాగావళి వైపు దిగిపోతున్నాయి.